పక్కకే చూసే బొమ్మ

విశాఖపట్నంలో విరించి అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. పనిలో దిట్టే కానీ, వద్దన్న ఫొటో తీయకుండా అతని వేలు ఊరుకునేది కాదు.

ఏటా బీచ్ రోడ్డు దగ్గర ఒక పెద్ద హాల్లో వేషాల కన్వెన్షన్ జరిగేది. కార్టూన్లలోని వీరులు, వీడియో గేముల్లోని రాక్షసులు, ఎక్కడా లేని దేశాల రాణులు, అందరూ అక్కడ మెట్ల మీద కూర్చుని సమోసాలు తింటూ కనిపించేవారు. నెలల తరబడి అట్టలు కత్తిరించి, జిగురు పూసి, వేళ్ళు కాల్చుకుని సొంతంగా చేసుకున్న వేషాలవి. విరించి వాళ్ళను తన మూలకు పిలిచి ఫొటోలు తీసి, చేతిలో ఒక చిన్న కార్డు పెట్టేవాడు. దాని మీద అతను స్వయంగా తయారు చేసుకున్న ఆన్‌లైన్ గ్యాలరీ చిరునామా, కింద ఒక్కొక్కరికీ ఒక్కో రహస్య పదం ఉండేవి. ఆ పదం కొడితే నాటకంలో తెర తొలగినట్టు తొలగి, ఎవరి ఫొటోలు వారికి మాత్రమే కనిపించేవి.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ గ్యాలరీకి ఒక ముందు పేజీ ఉండేది. ఏ పదమూ అక్కర్లేకుండా ఊరంతా చూడగలిగేది అదొక్కటే. అక్కడ విరించి పెట్టేవి వేషగాళ్ళు ముచ్చటపడి నిలబడ్డ ఫొటోలు కావు, వాళ్ళకు తెలియకుండా తీసినవి. కిరీటం పైకెత్తి తల గోక్కుంటున్న రాజు, బాత్రూం ముందు వరసలో నిలబడ్డ యోధుడు, బహుమతి రాలేదని గోడవైపు తిరిగి ఏడుస్తున్న అమ్మాయి. ఎవరైనా తీసేయమని అడిగితే, "ఎంత సహజంగా వచ్చిందో చూడండి. కళంటే అదేనండీ" అనేవాడు. అలా అంటూ తలమీది నల్ల టోపీ సర్దుకునేవాడు. ఆ టోపీ తీసిన విరించిని అనకాపల్లిలో ఉండే అతని అక్క భ్రమరాంబ తప్ప ఎవరూ చూసి ఎరగరు.

ఒక ఏడాది ఆ కన్వెన్షన్‌కి ఒక తోలుబొమ్మ వచ్చింది.

బొమ్మను ఆడించే మనిషి కాదు, బొమ్మే వచ్చింది. వెలుతురు దిగేంత పల్చని రేకుల మీద ఎరుపు, ఆకుపచ్చ రంగులు పూసి, వాటి నిండా సన్నని రంధ్రాలు పొడిచి ఒంటికి కట్టుకున్నారెవరో. ముఖం మాత్రం పక్కకు తిరిగి ఉంది. దానికి ఉన్నది ఒకే ఒక పెద్ద కన్ను. ఎటు నడిచినా చూసేవాళ్ళకు ఆ పక్క ముఖమే కనిపించేలా, ఒంటిని వంచి వారగా నడుస్తోంది. అప్పటిదాకా గోల చేస్తున్న జనం మాటలు ఆపి, తమకు తెలియకుండానే దారి ఇచ్చారు.

విరించి తన మూలలో తెల్లని తెర కట్టి, వెనక దీపం పెట్టి, ఆ బొమ్మను ముందు నిలబెట్టాడు.

"కొంచెం ఇటు తిరగండి," అన్నాడు.

"తోలుబొమ్మ ఎదురుగా చూడదండీ. పక్కకే చూస్తుంది," అంది లోపలి నుంచి ఒక మెత్తని గొంతు. "నా పేరు వకుళ. ఈ ముఖం పెట్టుకున్నంతసేపు మీకెన్ని కావాలంటే అన్ని తీసుకోండి. ఇది తీసేశాక మాత్రం తీయకండి. మాటివ్వండి."

"ఇచ్చానండీ," అన్నాడు విరించి లెన్స్ తుడుచుకుంటూ. కార్డులు పంచినంత సులువుగా మాటలు కూడా పంచేవాడు మనవాడు.

ఫొటోలు చాలా బాగా వచ్చాయి. రంధ్రాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కారుతున్నట్టు వచ్చింది. కాసేపటికి వకుళ దాహం వేసి తెర వెనక్కి వెళ్ళింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద ఆమె నీడ రెండు చేతులూ ఎత్తి, తన ముఖాన్ని ఒలిచి పక్కన పెట్టింది.

మాటిచ్చాను కదా అని విరించి ఒక్క క్షణం ఆగాడు. అతను ఆగాడు కానీ, కాళ్ళు ఆగలేదు. చప్పుడు చేయకుండా తెర అంచు దగ్గరికి వెళ్ళి ఫొటో తీశాడు. ఆ తొందరలో లెన్స్ మూత చేతిలోంచి జారి ఎక్కడో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

ఇంటికి వెళ్ళి ఆ ఫొటో చూసుకున్నాడు. వకుళ ఎడమ చెంప మీద కణత నుంచి గడ్డం దాకా కాలిన మచ్చ ఉంది. కళ్ళు మూసుకుని నీళ్ళు తాగుతోంది. ఆ ముఖంలో అలసట ఉంది, సంతోషం ఉంది, తనను ఎవరూ చూడటం లేదన్న నిశ్చింత ఉంది. నిజం చెప్పాలంటే, అతను అన్నేళ్ళలో తీసిన వాటిలో అంత గొప్ప ఫొటో మరొకటి లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. విరించి దాన్ని తెచ్చి ముందు పేజీలో పెట్టాడు.

ఆ ఫొటో చేతులు మారుతూ ఊళ్ళు దాటింది. అయ్యో పాపం అన్నవాళ్ళు కొందరు, ఎంత ధైర్యమో అన్నవాళ్ళు కొందరు. మర్నాడు వకుళ నుంచి మెసేజ్ వచ్చింది. "విరించి గారూ, దయచేసి ఆ ఫొటో తీసేయండి. ఏడాదంతా నన్ను చూసి జాలిపడేవాళ్ళ మధ్యనే తిరుగుతాను. జాలి లేకుండా తిరిగే చోటు నాకు అదొక్కటే ఉంది. దాన్ని నాకు మిగల్చండి."

విరించి అది రెండుసార్లు చదివాడు. ఆమె మీద జాలి కలిగింది. అయినా, "అందరూ మెచ్చుకుంటున్నారండీ. మీరెంత అందంగా వచ్చారో మీకు తెలియడం లేదు" అని జవాబిచ్చి, ఫోన్ బోర్లా పెట్టేశాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ వారంలోనే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కన్వెన్షన్‌కి ఎలుగుబంటి వేషంలో వచ్చినవాడు.

"అన్నా, నా ఫొటోల్లో వెనకాల ఆ తోలుబొమ్మ ఉందేంటి?"

"హాల్లోనే తిరిగింది కదా తమ్ముడూ, పడి ఉంటుంది."

"నేను పొద్దున్నే తీయించుకున్నానన్నా. అప్పటికి ఆవిడ రానేలేదు."

విరించి గ్యాలరీ తెరిచాడు. ఎలుగుబంటి వెనక, స్తంభం పక్కన, ఒంటికన్ను బొమ్మ వారగా నిలబడి ఉంది. మెమరీ కార్డులోని అసలు ఫొటో చూశాడు. అందులో స్తంభం ఉంది, బొమ్మ లేదు. ఏదో పొరపాటు జరిగిందనుకుని గ్యాలరీలోది తీసేసి, అసలుది మళ్ళీ పెట్టాడు. పెట్టీ పెట్టగానే స్తంభం పక్కకు బొమ్మ వచ్చి నిలబడింది. రాణి ఫొటోలు తెరిచాడు. అక్కడా ఉంది. యోధుడి ఫొటోల్లోనూ ఉంది. రెండేళ్ళ కిందటి కన్వెన్షన్ ఫొటోలు తెరిచి చూస్తే, వాటిలో కూడా గుంపు వెనక నిలబడి ఉంది.

బయట మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తోంది. వీధిలో కూరగాయల బండివాడు అరుస్తున్నాడు. అయినా విరించికి వీపు చల్లబడింది. ఎందుకంటే, మొదటి ఫొటోలో పక్కకు చూసిన బొమ్మ, ఒక్కొక్క ఫొటో దాటేకొద్దీ కాస్త కాస్తగా ఇటు తిరుగుతోంది. చివరి ఫొటోలో దాని రెండో కన్ను అంచు కనిపించింది. అసలు ఆ బొమ్మకు రెండో కన్నే లేదు.

ల్యాప్‌టాప్ ఠక్కున మూసేసి, ఆ రోజంతా దాని జోలికి పోలేదు. తెల్లవారి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఏట్రా ఆ ఫొటోలు? సిగ్గు లేదేటి నీకు?"

"ఏ ఫొటోలక్కా?"

"నీ గ్యాలరీలోవేరా! టోపీ తీసేసి అద్దం ముందు నిలబడి, ఉన్న నాలుగు వెంట్రుకలూ అటూ ఇటూ దువ్వుకుంటున్నావు. ఇంకోదాన్లో నోరు తెరిచి పడుకున్నావు. మా వీధిలో వాళ్ళందరూ చూసి నవ్వుతున్నారు. ఎవులు తీశార్రా అవి?"

"ఎవరూ తీయలేదక్కా," అన్నాడు విరించి. "గదిలో నేనొక్కడినే ఉంటాను కదా."

"మరెలాగొచ్చాయిరా?"

విరించి ల్యాప్‌టాప్ లాక్కుని ముందు పేజీ తెరిచాడు. వకుళ ఫొటో చుట్టూ అన్నీ తన ఫొటోలే. అన్నీ ఎదురుగా, దగ్గరగా, కెమెరా పెట్టడానికి చోటే లేని చోట్ల నుంచి తీసినవి. ప్రతి ఫొటో మూలలోనూ రంగు పూసిన వేళ్ళు రెండు కనిపిస్తున్నాయి. ఆ వేళ్ళ నిండా సన్నని రంధ్రాలు ఉన్నాయి.

చివరి ఫొటోలో విరించి ఫోన్ చూస్తున్నాడు. అది వకుళ మెసేజ్ చదివినప్పటిది. చదువుతుండగా తన కళ్ళలోకి వచ్చిన జాలీ, దాని వెనకే వచ్చిన అత్యాశా, ఫోన్ బోర్లా పెట్టేటప్పుడు పెదవి మీద కదిలిన చిన్న నవ్వూ, అన్నీ అందులో పడ్డాయి. ఎంత సహజంగా వచ్చిందో! బట్టతల చూసినప్పుడు కలగని సిగ్గు ఆ నవ్వు చూసినప్పుడు కలిగింది. తానలాంటి మనిషినని విరించికి అప్పటిదాకా తెలియదు.

గబగబా తన ఫొటోలన్నీ తీసేయబోయాడు. ఒక్కటీ పోలేదు. వకుళ ఫొటో తీసేశాడు, అది పోయింది. హమ్మయ్య అనుకున్నాడు. కానీ అసలు ఫొటోను మాత్రం మెమరీ కార్డులో అలాగే ఉంచుకున్నాడు. ఎప్పటికైనా పనికొస్తుందని ఆశ. మర్నాడు పొద్దున్న చూస్తే, ఆ కార్డును సొరుగులో దాస్తున్న విరించి ముందు పేజీలో ఉన్నాడు.

ఇక అతను ఆలస్యం చేయలేదు. వచ్చి అసలు ఫొటోను కూడా మీ ముందే తీసేస్తానని వకుళకు రాసి, ఆమె సరేనన్నాక గాజువాకలో ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె తలుపు తీసింది. ఎడమ చెంప మీదుగా చున్నీ చుట్టుకుని ఉంది.

"ఇదివరకు ఇది కట్టుకునేదాన్ని కాదండీ," అంది అతని చూపు గమనించి. "ఆఫీసుకు మామూలుగానే వెళ్ళేదాన్ని. ఇప్పుడు బస్సులో కూడా గుర్తుపట్టి, 'ఆ ఫొటోలో అమ్మాయి' అంటున్నారు."

విరించి తల ఎత్తలేకపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేను మాట తప్పాను. తప్పని తెలిసే తప్పాను," అని కెమెరా, కార్డు, ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు. వకుళ ఒక్కొక్కటీ తెరిచి తన చేత్తో ఆ ఫొటోను తీసేసింది. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

"మీ బొమ్మను ఒకసారి చూడవచ్చా?" అని అడిగాడు వెళ్ళబోతూ. జన్మలో అతను అనుమతి అడగడం అదే మొదటిసారి.

"కన్వెన్షన్ నుంచి వచ్చిన రోజే పెట్టెలో పెట్టేశానండీ. మళ్ళీ మూతే తీయలేదు," అంటూ ఆమె మంచం కింది నుంచి పెట్టె లాగి తెరిచింది. తెల్లటి గుడ్డ మీద రంగు రేకులు మడిచి ఉన్నాయి. పైన ముఖం పక్కకు తిరిగి ఉంది. దానికి ఒకే కన్ను ఉంది. ఛాతీ మీద చెయ్యి ముడుచుకుని ఉంది. వకుళ ఆ వేళ్ళు మెల్లగా విప్పింది. వాటి మధ్య నల్లటి లెన్స్ మూత ఉంది.

"ఇది నేను పెట్టలేదండీ," అంది వకుళ నెమ్మదిగా. దాన్ని తీసి విరించి చేతిలో పెట్టింది.

విరించి ఇంటికి వచ్చేసరికి ముందు పేజీలో తన ఫొటోలన్నీ పోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. ఫోన్ బోర్లా పెడుతూ నవ్వుతున్నది. దాన్ని తీసేయడానికి అతను మళ్ళీ ప్రయత్నించలేదు. ఎలుగుబంటి, రాణి, యోధుడు, ఏడ్చిన అమ్మాయి, అందరికీ క్షమాపణ చెప్పి, వాళ్ళు వద్దన్నవన్నీ తీసేశాడు. కానీ వకుళ ఫొటో అప్పటికే ఎందరి ఫోన్లలోకో వెళ్ళిపోయింది. వాటన్నిటినీ వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. మరుసటి ఏడాది వకుళ కన్వెన్షన్‌కి రాలేదు. విరించి తెల్లని తెర ముందు ఆమె నిలబడ్డ చోటును ఖాళీగానే ఉంచాడు.

ఆ పై ఏడాది ఆమె వచ్చింది. జనం మాటలు ఆపి దారి ఇచ్చారు. ఒంటికన్ను బొమ్మ వారగా నడుచుకుంటూ వచ్చి తెర ముందు నిలబడింది. కిటికీ లోంచి ఎండ పడి రంధ్రాలన్నీ వెలుగుతున్నాయి. అలాంటి వెలుతురు మళ్ళీ దొరకదని విరించికి తెలుసు. అతను కెమెరా ఎత్తలేదు.

"తీయవచ్చా అండీ?" అని అడిగాడు.

బొమ్మ తల అడ్డంగా ఊపింది.

విరించి జేబులోంచి నల్లటి మూత తీసి లెన్స్‌కి పెట్టాడు. వకుళ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, తెర వెనక్కి కూడా వెళ్ళకుండా, అక్కడే ముఖం తీసి నీళ్ళు తాగింది. ఈసారి పక్కకు చూసింది విరించే.

ఎదుటివారు దాచుకున్నది మన కంటపడినంత మాత్రాన అది మనదైపోదు. వారు వద్దన్నదాన్ని పదిమందికీ చూపించడం ఎంత గొప్ప కళ అయినా తప్పే.