బంతి చివరి విస్తరి

మాణిక్యమ్మ గారి ఆశ్రమంలో భోజనాలకు బంతి వేస్తే, చివర ఒక విస్తరి ఖాళీగా ఉండేది. దాని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. అయినా అందరితో పాటు దానికీ అన్నీ వడ్డించేవారు. ఆ వేళకు గుమ్మంలో ఎవరు నిలబడితే ఆ విస్తరి వాళ్లది. నీ ఊరేది, నీ పేరేది అని అడగడం అక్కడ లేదు. ఆవిడ గురువు గారి నాటి నుంచీ వస్తున్న పద్ధతి అది. ఆవిడకు సొంతంగా ఇంకో పద్ధతి ఉంది. ఎవరైనా పెద్ద ప్రశ్న పట్టుకొస్తే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు.

పున్నారావు ఆవిడ శిష్యుల్లో పాతవాడు, పసుపు వ్యాపారి. రైతుల దగ్గర కొమ్ములు కొని, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెట్టించి, ఓడల మీద పరాయి దేశాలకు పంపేవాడు. మెరుగు పెట్టడం అయిపోయే ముందు డ్రమ్ములో ఒక రంగు పొడి పడేది. పసుపు మార్కెట్ యార్డులో వ్యాపారులందరూ వేసేదే. అయితే ఆ పొడి పడకముందే తన ఇంటికీ ఆశ్రమానికీ సరిపడా కొమ్ములు తీయించి వేరే సంచిలో కట్టించేవాడు. దాన్ని ఇంటి పసుపు అనేవారు. ఎందుకు వేరు చేస్తున్నావని అతన్ని అడిగినవాళ్లు లేరు. అడగవలసిన వాళ్లందరి ఇళ్లలోనూ అలాంటి సంచి ఒకటి ఉంది మరి.

ఒక ఏడు గురువు గారి ఆరాధనకు ముందు రోజు పున్నారావు మనసు బాగోక వచ్చాడు. ఏదో దూరదేశంలో పసుపులో కలిపిన రంగు వల్ల పసిపిల్లలకు జబ్బు చేస్తోందన్న కబురు యార్డు దాకా వచ్చింది. దానికి అక్కడ ఎవరూ నిద్ర పాడుచేసుకోలేదు. మెరుపు కావాలని అడుగుతున్నది కొనేవాడు కాబట్టి తప్పు కొనేవాడిదే అన్నారు. రేవులో పరీక్ష చేయవలసిన ఆఫీసర్లు ఏం చేస్తున్నారు అన్నారు. వాళ్ల పిల్లల్ని వాళ్ల ప్రభుత్వం చూసుకోవద్దా అన్నారు. అలా తప్పును తలా కాస్త పంచిపెట్టి, తమ వాటా మాత్రం మర్చిపోయి, టీలు తాగి లేచారు. పున్నారావు మాత్రం సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాడు.

"అమ్మా, తినేవాడు సముద్రం అవతల ఉన్నాడు," అన్నాడు. "వాడి పేరు నాకు తెలీదు, నా పేరు వాడికి తెలీదు. రంగు వెయ్యమన్నది బేరగాడు. ఆయన మాట కాదంటే మళ్లీ నా గుమ్మం తొక్కడు. నా వ్యాపారం అక్కడితో సరి. ఇందులో నా పాపం ఎంత?"

అడిగిన తీరు సందేహం తీర్చుకోవడానికి వచ్చినట్టు లేదు, తగువుకు వచ్చినట్టుంది. లోపల గుచ్చుకుంటున్నవాడి గొంతు అలాగే లేస్తుంది. మాణిక్యమ్మ గారు ఏమీ అనుకోలేదు. రేపు ఆరాధనకు ఇంటి పసుపూ, ఓడ ఎక్కే పసుపూ రెండూ పట్టుకురమ్మన్నారు. వడ్డన కూడా నువ్వే చెయ్యాలన్నారు. ఆశ్రమంలో అడుగుపెట్టిన నాటి నుంచి పున్నారావు ఆవిడ మాట కాదని ఎరగడు. సరేనని వెళ్లాడు.

మర్నాడు రెండు పసుపులూ వేరువేరుగా దంచి పులిహోర కలిపారు. పెద్ద గుండిగలో ఇంటి పసుపుది, లేత రంగులో సాదాసీదాగా ఉంది. చిన్న గిన్నెలో ఓడ పసుపుది ధగధగలాడిపోయింది. బంతికంతా గుండిగలోది వడ్డించి, చివరి విస్తరికి మాత్రం చిన్న గిన్నెలోది వడ్డించమన్నారు ఆవిడ. పున్నారావు ఆ విస్తరి వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు కదా అని సర్దిచెప్పుకుని బంతి మొదలుపెట్టాడు. ఎన్నడూ లేనిది ప్రతి ఒక్కరినీ ఇంకాస్త వేయించుకోమని బతిమాలుతూ, ఎంత మెల్లగా నడవగలడో అంత మెల్లగా నడిచాడు.

అతను చివరికి చేరేలోగా గేటు ముందు లారీ ఆగింది. అతని బస్తాల కోసం వచ్చిన లారీయే. గోడౌన్లో మనిషి లేకపోతే పక్కవాళ్లు ఆశ్రమానికి దారి చూపించారు. డ్రైవరు ఏ రాష్ట్రం వాడో, అతని భాషలో ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ఆకలి మాత్రం మొహం మీదే కనిపిస్తోంది. మాణిక్యమ్మ గారు చేత్తో చివరి విస్తరి చూపించారు. అతను కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుని, చిన్న గిన్నెలోని రంగు చూసి సంబరంగా నవ్వాడు.

పున్నారావు గరిటె ముంచాడు. చెయ్యి పైకి లేవలేదు.

"వడ్డించు నాయనా," అన్నారు మాణిక్యమ్మ గారు. "అతని పేరు నీకు తెలీదు, నీ పేరు అతనికి తెలీదు. వెయ్యమంటున్నది నేను. ఇందులో నీదేముంది?"

బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. పున్నారావుకు ఒళ్లు మండింది. ఆవిడ మీద మండింది, వేళకు దాపురించిన డ్రైవరు మీద మండింది, తన మీద అన్నిటికన్నా ఎక్కువగా మండింది. ఇది తినకూడదని ఇప్పుడు నోరు తెరిచి అంటే, సాయంత్రానికల్లా యార్డంతా తెలుస్తుంది. అన్నాక ఆ బస్తాలను ఏ మొహంతో లారీ ఎక్కించడం? డ్రైవరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

పున్నారావు గరిటె గిన్నెలో పడేశాడు.

"వడ్డించనమ్మా. మీరు చెప్పినా సరే, వడ్డించను. ఇది మనిషి తినేది కాదు."

గిన్నె తీసుకెళ్లి పెరట్లో గొయ్యి తవ్వి అందులోది పూడ్చి వచ్చాడు. మట్టి చేతులు కడుక్కుని, గుండిగలోది ఆ విస్తరి నిండా వడ్డించాడు. డ్రైవరుకు ఏం జరిగిందో తెలియలేదు, తలొంచుకుని ఆవురావురుమని తిన్నాడు. పున్నారావు తల దించలేదు. వెళ్లి ఆవిడ ఎదుట నిలబడి, మీ మాట కాదన్నాను, ఏం శిక్ష వేస్తారో వెయ్యండి అన్నాడు.

మాణిక్యమ్మ గారు గేటు అవతల ఆగి ఉన్న ఖాళీ లారీ వైపు చూశారు.

"గురువు మాటే కాదన్నావు," అన్నారు. "ఇక ఆ బేరగాడి మాట ఎంతలే, నాయనా."