మైలయ్య దిగులు

ఏటిగట్టు పక్కన కొట్టంలో చుక్కమ్మ అనే మేక ఉండేది. దానికి ఎవరి మీదా నమ్మకం లేదు. గడ్డి వేస్తే వాసన చూసేది, గాలి వీస్తే దిక్కు చూసేది.

ఆ కొట్టంలోనే ముసలి ఎద్దు మైలయ్య. పదకొండేళ్లు తనతో కాడి మోసిన జోడెద్దు ఎండాకాలంలో పోయింది. అప్పట్నుంచి మైలయ్య సగం మేత వదిలేస్తున్నాడు. ఏమైందని అడిగితే "మోకాళ్ల నొప్పులు" అంటాడు. దుక్కి తప్పించుకునే నటనేమోనని చుక్కమ్మ మొదట అతణ్ణే అనుమానించింది. కానీ లేత పచ్చగడ్డి కూడా ముట్టలేదు. నటించేవాడు పచ్చగడ్డి వదులుతాడా?

నక్క రోజూ పరామర్శకు వచ్చి, కొట్టంలోని గేదెతో అనేది: "ముసలితనం వదినా! ఆ వయసులో దిగులు మామూలే. పలకరించి విసిగించకండి."

కొట్టంలో అందరూ తలూపారు. చుక్కమ్మ ఊపలేదు. వానలో గొర్రెలు తడుస్తున్నాయని తోడేలు ఏడ్చినట్టుంది ఈ జాలి! గడ్డివామి చాటున చెవి పెట్టింది.

"అందరికీ బరువైపోయావు మావా," అంటోంది నక్క. "గుట్టవతల ప్రశాంతంగా ఉంటుంది. రేపు పొద్దున్నే ఒక్కడివే రా."

"వస్తాలే."

ఆ గొంతులో భయం కూడా లేదు. చుక్కమ్మ ఇక ఆగలేదు. మందుమాకులు తెలిసిన కొండముచ్చు ఓబులేసు దగ్గరికి పరుగెత్తింది.

ఓబులేసు వచ్చి మైలయ్య ఎదురుగా కూర్చున్నాడు. "దాచకుండా చెప్పు. బతకాలని ఉందా?"

"అవేం మాటలయ్యా!" అని కసిరింది గేదె.

మైలయ్య నోరు విప్పాడు. "లేదు. వాడు లేని కాడి నాకెందుకు?" నక్క పిలుపు సంగతీ చెప్పేసి, భోరుమన్నాడు.

"ఇది వయసు కాదు, జబ్బు," అన్నాడు ఓబులేసు. "వయసుకు మందు లేదు గాని దీనికుంది. ఈ వేరు రోజూ నమలాలి. ఎవరో ఒకరు తోడు నడవాలి. జోడెద్దు మాటెత్తితే వినాలి. వారంలో గుణం కనపడలేదని మానొద్దు."

మర్నాడు గుట్టవతల నక్క, అది పిలిచిన తోడేళ్లు పొదల్లో కాచుకున్నాయి. మైలయ్య వచ్చాడు. వెనకే ఊళ్లోని గేదెల మంద, ఊరి కుక్క, చుక్కమ్మ.

"ఒక్కణ్ణే రమ్మన్నావట. మేం ఒంటరిగా పంపం," అంది చుక్కమ్మ.

గేదెలు కొమ్ములు దించాయి. తోడేళ్లు తోక ముడిచాయి. పోతూ పోతూ, ఆకలి కోపమంతా నక్క మీద తీర్చుకున్నాయి.

మైలయ్య మేత పూర్తిగా తినడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

పెద్దల దిగులును పెద్దతనమని వదిలేస్తే లాభపడేది నక్కే.