చిక్కటి ఆయిలు

దాలినాయుడికి గురువుగారి మాట నచ్చకపోవడం అదే మొదటిసారి.

మంచుకొండల్లో ఉన్న ఆ బౌద్ధ మఠానికి ఒక పాత డీజిలు జీపు ఉంది. చలికాలంలో కింది ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ఆ జీపే కనుమ దాటించి ఆసుపత్రికి చేర్చాలి. ఈసారి సోనమ్ అనే అమ్మాయికి నెలలు నిండాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు అనేసింది. నొప్పులు మొదలవకముందే, మర్నాడు తెల్లవారగానే బయల్దేరాలి.

గురువుగారు రిగ్జిన్ లామా ఒక డబ్బా తెచ్చి దాలినాయుడి ముందు పెట్టారు.

"జీపులో ఆయిలు తీసేసి ఇది పొయ్యి."

దాలినాయుడు మూత తీసి, ఒక చుక్క వేళ్ళ మధ్య రాసి చూశాడు. నీళ్ళలా జారిపోయింది.

అనకాపల్లిలో ఇరవై రెండేళ్ళు లారీల షెడ్డు నడిపిన మనిషి అతను. భార్య పోయాక షెడ్డుకి తాళం వేసి, ఎక్కడెక్కడో తిరిగి మొన్న వేసవిలో ఈ మఠం చేరాడు. గుండు చేయించుకున్నాడు. ఎర్రబట్ట కట్టాడు. అన్నీ వదిలాడు గానీ, ఇంజను గురించి ఇంకొకరు తనకి చెప్పడం మాత్రం ఇంకా మింగుడుపడదు.

"గురువుగారూ, ధ్యానం సంగతి మీరు చెప్పండి, నేను వింటాను. ఇది మరీ పల్చన. ఇంజను అరిగిపోద్ది. నిన్న నేను పోసింది చిక్కటిది. చిక్కటిదే ఇంజనుకి బలం. వెయ్యి బళ్ళకి పోశాను, ఒక్కటీ తిరిగి రాలేదు."

"ఒక్కటీ తిరిగి రాలేదా?" అన్నారు గురువుగారు.

"ఒక్కటీ."

గురువుగారు డబ్బా మూత బిగించారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఫ్లాస్కులో వేడి టీ పోయించుకుని వచ్చారు.

"సరే. కనుమ దాకా వెళ్ళొద్దాం, పద."

మిట్టమధ్యాహ్నం. ఎండలో నిలబెట్టిన జీపు కూడా నాలుగోసారి కీ తిప్పితే గానీ అందుకోలేదు. దాలినాయుడు గురువుగారి మొహంలోకి చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

కనుమ మీదకి వచ్చేసరికి గాలి ఆగిపోయింది. ఎటు చూసినా తెలుపు. ఆకాశమేదో నేలేదో తెలియడం లేదు. రోడ్డు పక్కన ఒక లారీ నిలబడి ఉంది. లోపల ఎవరో కీ తిప్పుతున్నారు.

గర్... గర్... గర్...

ఊపిరి అందని మనిషి మూలుగులా ఉంది ఆ చప్పుడు.

"ఇంజను ఆపకు. ఈ టీ ఆ డ్రైవరుకి ఇచ్చిరా," అన్నారు గురువుగారు.

దాలినాయుడు దిగి నడిచాడు. దగ్గరికి వెళ్తే లారీ బంపరు మీద తెలుగు అక్షరాలు! ప్రాణం లేచొచ్చినట్టయింది. గబగబా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. డ్రైవరుకి నలభై ఏళ్ళుంటాయి. ఒంటి మీద పల్చటి చొక్కా, తలకి తువ్వాలు. అంత చలిలోనూ వణకడం లేదు.

"ఏ ఊరు బాబూ మనది?"

"నర్సీపట్నం అండి. పైడిరాజు అంటారు. మీరూ మనోళ్ళేనా? సొరంగం పనికి పైపులు తెచ్చానండి. ఓ కునుకు తీద్దామని ఆపాను. లేచేసరికి బండి అందుకోటం లేదు."

మాట్లాడుతుంటే అతని నోట్లోంచి ఆవిరి రావడం లేదు. దాలినాయుడు అది చూశాడు గానీ, చూసినట్టు తనకే ఇంకా తెలియలేదు. చేతులు వాటంతటవే బానెట్టు ఎత్తాయి. ఆయిలు కొలిచే పుల్ల లాగాడు. రాలేదు. రెండు చేతులా పట్టి లాగాడు. పుల్ల చివర ఆయిలు చలికి గడ్డకట్టి తారులా అంటుకుని ఉంది. బోర్లించినా చుక్క రాలలేదు.

"ఏ ఆయిలు పోశారు ఇందులో?"

"చిక్కటిదేనండి. బయల్దేరేముందు మా మేస్త్రి తన చేత్తో పోశాడు. చిక్కటిదే ఇంజనుకి బలం అన్నాడు. అనకాపల్లి దాలినాయుడు మేస్త్రి. ఎరుగుదురా?"

గుండులో తనని అతను పోల్చుకోలేదు; దాలినాయుడు ఎర్రబట్ట తల మీదకి లాక్కున్నాడు.

"ఆయన మాటకి తిరుగులేదండి. బ్యాటరీయే అయ్యుంటది," అన్నాడు పైడిరాజు నమ్మకంగా. "ఉండండి, ఇంకోసారి చూస్తాను."

గర్... గర్... గర్...

కీ మీద ఉన్న వేళ్ళు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి.

దాలినాయుడు ఫ్లాస్కు మూతలో టీ పోసి కిటికీ అంచు మీద పెట్టాడు. చెయ్యి తీసేలోగానే టీ మీద మంచుపొర కట్టింది. అతను వెనక్కి తిరక్కుండా నడిచాడు. జీపు దాకా ఆ చప్పుడు వెంటే వచ్చింది. ఎక్కి తలుపు వేసుకున్నాక గానీ అటు చూడలేకపోయాడు.

అక్కడ మంచులో సగం కూరుకుపోయిన తుప్పుపట్టిన లారీ కేబిను ఉంది. తలుపుల్లేవు. చక్రాల్లేవు.

"టీ తాగాడా?" అని అడిగారు గురువుగారు.

"లేదు."

"తాగడు," అన్నారు గురువుగారు. "పదకొండేళ్ళ కిందట ఆ సీట్లోంచి మేమే దింపాం. కీ మీంచి వేళ్ళు విడదీయడానికి నీళ్ళు కాచాల్సి వచ్చింది."

మఠం చేరగానే, ఇంజను వేడి తగ్గకముందే దాలినాయుడు జీపు కిందికి దూరాడు. బోల్టు విప్పి, చిక్కటి ఆయిలంతా చివరి చుక్క దాకా కారనిచ్చాడు. గురువుగారు తెచ్చిన డబ్బా ఒంపాడు. అనకాపల్లి ఎండకి బలమిచ్చిన చిక్కటిదే ఈ చలికి తారైపోతుంది.

తెల్లవారేసరికి బకెట్లో నీళ్ళు రాయిలా గడ్డకట్టాయి. జీపు మాత్రం ఒక్క తిప్పుకే అందుకుంది. సోనమ్ మూలుగుతోంది. ఆమె తల్లి వెనక సీట్లో కూర్చుని కూతురి తల తన ఒడిలో పెట్టుకుంది. కనుమ మీద దాలినాయుడు పక్కకి చూడలేదు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఆ ఏడుపు బయటి ఆవరణ దాకా వినిపించింది. గురువుగారు మెట్ల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. దాలినాయుడు బానెట్టు ఎత్తి చూసుకుంటున్నాడు.

అటుగా పోతున్న లారీ డ్రైవరొకడు అతని చేతులకున్న గ్రీజు చూసి ఆగాడు.

"మేస్త్రీ, ఈ చలికి ఏ ఆయిలు పోస్తే మంచిది?"

దాలినాయుడు తల దించుకున్నాడు. చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. డ్రైవరు నిలబడే ఉన్నాడు.

"అడుగుతున్నాడు కదా," అన్నారు గురువుగారు కళ్ళు తెరవకుండానే.

"నేనింక ఎవరికీ ఏమీ చెప్పనండి." దాలినాయుడు బానెట్టు దించేశాడు. "నా మాట వల్ల ఒక మనిషి..."

"అవును," అన్నారు గురువుగారు.

బిడ్డ ఏడుపు మళ్ళీ వినిపించింది.

"ముందు, ఎక్కడికి వెళ్తున్నాడో అడుగు."