వాచీ లెక్కకు రాని నడక

ఓబులేసు కొండ పైదాకా వెళ్లడం లేదని నాసిర్‌కు అనుమానం.

కడప వైపు ఒక కొండ కింద ఉండే రహమతుల్లా బాబాకు వాళ్లిద్దరూ శిష్యులు. కొండ కొసన ఉన్న గుహలో ఒకప్పుడు బాబా గురువు ధ్యానం చేసుకునేవాడట. ఆ గుహ ముందు, ఎక్కివచ్చేవాళ్ల దాహం తీర్చడానికి ఒక తొట్టి ఉంది. ఒకరోజు నాసిర్, మరుసటి రోజు ఓబులేసు, భుజాన కడవ పెట్టుకుని పైకి వెళ్లి ఆ తొట్టిలో నీళ్లు పోసి రావాలి.

నాసిర్ చకచకా ఎక్కి, ఎండ ముదరకముందే దిగి వచ్చేవాడు. ఓబులేసు మధ్యాహ్నానికి గానీ వచ్చేవాడు కాదు. పోనీ అలసిపోయాడా అంటే, మొహాన చెమట చుక్క ఉండదు. మర్నాడు నాసిర్ వెళ్లేసరికి తొట్టి అడుగంటి ఉంటుంది. నీళ్లు జనం తాగారో, అసలు ఓబులేసు పోయనే లేదో ఎవరు చెప్పగలరు? దారిలోనే కడవ వొంపేసి, బండ నీడన కునుకు తీసి వస్తున్నాడేమో.

నాసిర్ పట్నంలో ఉన్నప్పుడు కొండలెక్కే జట్టుతో తిరిగినవాడు. అప్పటి జీపీఎస్ వాచీ ఇంకా దాచుకున్నాడు. దాన్ని బయటికి తీసి, సెకను సెకనుకూ దారి గుర్తు వేసుకునేలా, అన్ని రకాల ఉపగ్రహాలనూ అందుకునేలా సెట్టింగులు మార్చాడు. మనిషి ఆగితే లెక్క కూడా ఆగే ఆటో పాజ్ ఆన్ చేశాడు. కునుకు తీసిన సేపు నడకలో కలవకూడదు కదా. ముందు తానే కట్టుకుని ఎక్కి చూశాడు. దూరం సరిగ్గా వచ్చింది.

మర్నాడు పొద్దున ఓబులేసును పిలిచాడు.

"టైం చూసుకోవడానికి ఉంటుంది, కట్టుకో."

ఓబులేసు తువ్వాలుతో మణికట్టు తుడుచుకున్నాడు. "ఇంత ఖరీదైనది నన్ను నమ్మి ఇస్తున్నావా అన్నా" అన్నాడు.

నాసిర్ అతన్ని ఆరుబయట నిలబెట్టి, సిగ్నల్ కుదిరేదాకా ఆగి, బటన్ నొక్కి పంపాడు.

ఓబులేసు తిరిగొచ్చాక చూస్తే, నాసిర్ నడిచిన దాంట్లో సగం దూరం కూడా లేదు.

నాసిర్ వాచీ తీసుకుని నేరుగా బాబా దగ్గరికి వెళ్లాడు. "ఇతన్ని ఇంకా ఇక్కడ ఉంచుకోవడం న్యాయమేనా బాబా?"

బాబా ఆ అంకెల వైపు చూడలేదు. చెయ్యి చాపాడు. "నాకు కట్టు."

ఇద్దరూ కొండదారి పట్టారు. బాబాకు మోకాళ్ల నొప్పి. ఒక అడుగు వేసి, కర్ర ఊని, ఇంకో అడుగు వేస్తున్నాడు. మొదటి మలుపు దగ్గర వాచీ కూసింది. నాసిర్ వంగి చూశాడు.

"ఏమంటోంది?"

"మీరు ఆగిపోయారంటోంది బాబా."

"అలాగా" అంటూ బాబా నడుస్తూనే ఉన్నాడు.

నాసిర్ చెవులు వేడెక్కాయి. "సెట్టింగులో పొరపాటు బాబా. మరీ నెమ్మదిగా నడిస్తే ఆగినట్టే అనుకుంటోంది. ఆటో పాజ్ తీసేస్తాను. ఈసారి ఓబులేసు వంతు వచ్చినప్పుడు మళ్లీ కట్టి పంపుదాం. నిజమేంటో తేలిపోతుంది."

బాబా ఒక బండ మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు.

"ఈ వాచీ లేని రోజుల్లో కూడా నువ్వు పైదాకా వెళ్లావా?"

"వెళ్లాను బాబా."

"నాకెట్లా తెలుసు?"

నాసిర్ మనసు చివుక్కుమంది. "వచ్చి మీతో చెప్పేవాణ్ణి కదా బాబా."

బాబా తలూపాడు. వాచీ విప్పి అతని చేతిలో పెట్టాడు.

"నాకు అదే చాలింది."