మేక తినగా మిగిలిన పేరు

పెదపాటివారింట్లో నలుగురు. నలుగురికీ తెలివి ఎక్కువే. తలంటు పోసుకుంటే నీళ్ళతో పాటు అదీ కారిపోతుందేమోనని చెవుల్లో దూది పెట్టుకునేవారు. "ఊళ్ళో మిగతావాళ్ళు పాపం దూది లేకుండానే పోసుకుంటారు. అందుకే అలా తయారయ్యారు" అని జాలిపడేవారు.

ఆ ఇంటి కోడలు వరాలుకి కొడుకు పుట్టాడు. ఇరవయ్యొకటో రోజున బారసాల. పేర్లేమో రెండు. గవరయ్య అంటే మామగారి పేరు. లచ్చయ్య అంటే వరాలు తండ్రి పేరు. వరాలుకి ఒకటే బెంగ. కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు కదా! అదే పెట్టేస్తే, కన్న కొడుకుని బతికున్నన్నాళ్ళూ "ఇదిగో", "ఏమండోయ్" అని పిలుచుకోవాలి. ఆ బాధ ఎవరికైనా చెప్పుకుందామంటే ఆ పేరు ఎత్తాలాయె.

పంతులుగారు వచ్చారు. "గొడవెందుకు? రెండు చీటీలు రాసి దేవుడి ముందు పెట్టండి. పిల్లాడి చేతికి ఏది వస్తే అదే పేరు. పక్కింట్లో హారతి ఇచ్చి వస్తాను" అని వెళ్ళారు.

వరాలు మొగుడు పోతురాజు చీటీలు రాశాడు. అందరూ చుట్టూ కూర్చుని చూశారు. ఎంతసేపు చూసినా ఒక్క చీటీ కూడా లేచి పిల్లాడి చేతికి రాలేదు.

"పాకం పూస్తే అంటుకుని వస్తుందే" అంది అత్త నూకాలమ్మ. బెల్లం పాకం పూసి, పిల్లాడి చేతినే తీసి చీటీల మీద వేసింది. ఒకటి అంటుకుంది. అంతే, గుమ్మంలో కట్టేసిన మేక మెడ చాచి, ఆ చేయి నాకేసి, చీటీ నమిలేసింది.

ఇంకేముంది! "నా మనవడి పేరు మేక కడుపులోకి పోయిందిరోయ్!" అని నూకాలమ్మ గోల.

"రెండోది విప్పి చూద్దామా అత్తా?" అంది వరాలు.

"చేతికి వచ్చిందే చూడమన్నారు. రానిది చూస్తే తప్పు కాదూ?" అని గవరయ్య కసిరాడు. "మేకని పిలుద్దాం. దేనికి పలికితే లోపలున్నది అదే."

పిలిచేదెవరు? నూకాలమ్మ మొగుడి పేరు అనదు. వరాలు మామ పేరు అనదు. "కన్నతండ్రిని పేరు పెట్టి పిలుస్తానా?" అని పోతురాజు లెంపలేసుకున్నాడు. చివరికి ముసలాయనే మేక ముందు కూర్చుని, "గవరయ్యా!" అన్నాడు.

"ఓయ్!" అని ఆయనే పలికాడు.

"మీరెందుకండీ పలికారు?" అంది నూకాలమ్మ.

"పెద్దవాడు పిలుస్తుంటే పలక్కపోతే మర్యాదటే?"

మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పలికాడు. మూడోసారి ఆయనకే ఒళ్ళు మండింది. "ఊరికే పిలుస్తావేంటయ్యా, పనేమిటో చెప్పు!" అని తనని తానే కసురుకుని, అలిగి వీధరుగు మీదికి పోయాడు.

ఈలోగా పంతులుగారు వచ్చారు. మిగిలిన చీటీ విప్పారు. "ఇది లచ్చయ్య. అంటే పిల్లాడి చేతికొచ్చింది గవరయ్య."

వరాలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉన్నట్టుండి అంది, "పంతులుగారూ, దాన్ని మేక తినేసింది కదా! తినేసిన అరిసె మళ్ళీ పళ్ళెంలో ఉంటుందా? మిగిలిందే నా కొడుక్కి."

అందరూ నోళ్ళు తెరిచారు. "ఔను సుమా! లేని పేరు ఎక్కణ్ణించి తెచ్చి పెడతాం?" అన్నాడు పోతురాజు.

"మేక నోటి దగ్గరది లాక్కునే అలవాటు మనకి లేదు" అని అరుగు మీంచి గవరయ్య తేల్చేశాడు.

పంతులుగారు తల పట్టుకున్నారు. "సరేనమ్మా. ఆ పేరే పిల్లాడి చెవిలో చెప్పు. చెవిలోనే సుమా, పైకి కాదు."

వరాలు మురిసిపోతూ వంగి చెప్పింది. అంతే. పంతులుగారి మాట ఆ ఇంట్లో ఈనాటికీ ఎవరూ జవదాటలేదు.

ఇప్పుడు పిల్లాడికి ఐదేళ్ళు. గాలిలా పరుగెడతాడు. అన్నం వేళకి వరాలు నోరు మెదపకుండా వాడి వెంట పడుతుంది. వెనక మొగుడు, ఆ వెనక అత్త, ఆ వెనక మామ. చెరుకు తోట చుట్టూ మూడు చుట్లు తిరిగాక దొరుకుతాడు. ముగ్గురూ వాడి కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకుంటారు. అప్పుడు వరాలు వాడి చెవికి నోరు ఆనించి, రొప్పుతూ, తనివితీరా పిలుచుకుంటుంది.

"లచ్చయ్యా... ఇలా రా నాయనా!"