ఇల్లు కనబడ్డాక తిరిగిన ఓడ

అనగా అనగా, ఉప్పుగాలి తగిలే ఒక రేవులో ఎర్రయ్య అనే సరంగు ఉండేవాడు. అన్న రోజుకి ఓడని ఒడ్డు చేర్చకపోవడం ఆయన ఎరగడు. అదే ఆయన గొప్ప. ఆయన జబ్బూ అదే.

ఆయన కూతురు పైడిని దూరాన ఒక దీవికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఇప్పుడామెకి నెలలు నిండుతున్నాయి. "శుక్రవారం దీపాలవేళకి పిల్లని తెచ్చి నీ ముందు నిలబెడతాను" అని భార్య బంగారమ్మకి మాటిచ్చి వెళ్ళాడు ఎర్రయ్య. కూతుర్ని ఓడెక్కించుకుని తిరుగుముఖం పట్టాడు.

మొదటిరోజు గాలి లేదు. అయినా ఉత్తరాన్నించి పొడుగాటి అలలు వస్తున్నాయి. ఓడ పక్కన ఒక ముసలి తాబేలు తల పైకెత్తింది.

"సరంగూ! గాలి లేకుండా ఇంత అల ఊరికే రాదు. దాని వెనక పెద్దదేదో ఉంది. దక్షిణానికి తిప్పుకో."

"ఒక పూట పోతుందే!" అని గొణిగాడు ఎర్రయ్య. గొణుగుతూనే తిప్పాడు.

రెండోరోజు గాలి లేచింది. తాబేలు మళ్ళీ వచ్చింది. "తెరచాప సగం దించు. ఈ గాలిలో పరిగెడితే కొయ్య విరుగుతుంది."

"ఇంకో పూట!" అన్నాడు ఎర్రయ్య.

పైడి నవ్వింది. "పోతే పోనీ అయ్యా. కడుపులో ఉన్నవాడు పంచాంగం చూడలేదుగా!"

ఓడలోని కళాసీలు తెరచాప సగం దించారు.

మూడోరోజు శుక్రవారం. పొద్దు గూకేవేళ ఇల్లు కనబడింది. ఒడ్డున బంగారమ్మ చేతిలో దీపం కూడా కనబడింది. కానీ రేవు నోట్లో అలలు నిలువునా లేచి, తెల్లగా విరుగుతున్నాయి.

"వెనక్కి పో. దాటొచ్చిన ఆ కొండ చాటున లంగరు వేసుకో" అంది తాబేలు.

"ఇంత దూరం వచ్చాకా? అదిగో, నా ఇల్లు!"

"నేనూ ఏటేటా గుడ్లు పెట్టడానికి ఆ ఇసకకే వస్తాను, సరంగూ. కనబడగానే ఎక్కెయ్యను. సముద్రం నెమ్మదించేదాకా లోతులోనే కాచుకుంటాను. ఆలస్యంగా వచ్చానని ఆ ఇసక ఏనాడూ నా మీద అలగలేదు."

ఎర్రయ్య చుక్కానిని రేవు వైపు తిప్పబోయి, మళ్ళీ వెనక్కి లాగాడు. పైడి చూసింది.

"అయ్యా, భయంగా ఉందా?"

ఆ మాట ఆయన అంతవరకూ జన్మలో ఒప్పుకోలేదు. ఇప్పుడు మాత్రం "ఉందమ్మీ" అన్నాడు.

"నాకూ ఉంది. అయితే తిప్పెయ్."

తిప్పేశాడు. వెనక దీపం చిన్నదైపోతుంటే, కళ్ళు తుడుచుకుంటూనే చుక్కాని పట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున సముద్రం చల్లబడింది. ఓడ రేవులోకి వచ్చింది. బంగారమ్మ ఎదురొచ్చి కూతుర్ని పొదివి పట్టుకుంది.

"శుక్రవారం అన్నాను. మాట తప్పాను" అన్నాడు ఎర్రయ్య, తల దించుకుని.

"ఆ రోజు అలలు చూసి నా గుండె ఆగిపోయిందయ్యా. నీ ఓడ వెనక్కి తిరిగింది చూడు, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికెళ్ళి పురిటిమంచం సర్దాను."

ఆ సాయంత్రమే ఆ ఇంట్లో పసిబిడ్డ కేరుమంది.

అందుకే పిల్లలూ, ఒడ్డు కనబడ్డాక కూడా వెనక్కి తిరగగలిగినవాడే తన వాళ్ళని ఒడ్డుకి చేరుస్తాడు.