షావుకారి పడుగు

కొండలరాయుడు గారు కర్రసాము గురువు. చేతిలో కర్ర ఉన్న మనిషి కదా, న్యాయం అడిగితే చప్పున తేల్చేస్తారని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఆయన మాత్రం అడిగినవాణ్ణి కూర్చోబెట్టి, ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. దాంతో అడిగినవాడికి ఉన్న నిద్ర కూడా పోతుంది.

ఆ సాయంత్రం అడిగినవాడు భావనారాయణ. బజారులో బట్టల కొట్టు నడుపుకుంటున్నాడు, చిన్నప్పటి నుంచి ఆయన శిష్యుడు. కిందటి బందులో అతని కొట్టు అద్దాలు పగలగొట్టి, చీరలు రోడ్డు మీదికి లాగి తగలబెట్టారు. మర్నాడు మళ్ళీ బందు.

“మన కుర్రాళ్ళని పదిమందిని కర్రలతో నా కొట్టు ముందు నిలబెట్టండి గురువుగారూ. నా సొత్తు నేను కాచుకోవడం తప్పా?” అన్నాడు.

పక్కనే యేసురత్నం ఉన్నాడు. అతనూ గురువుగారి గరిడీలో కర్ర తిప్పి పెరిగినవాడే, ఆటో నడుపుతాడు, మర్నాటి బందు ఊరేగింపులో ముందు నడవబోతున్నాడు. “నీ అద్దం పగిలితే ఊరంతా వచ్చి చూసిందన్నా. మా కడుపు కాలితే ఎవరు చూశారు?” అన్నాడు.

“కడుపు కాలితే నా కొట్టు కాలుస్తారా?” అన్నాడు భావనారాయణ. మాటకు మాట పెరిగింది. నిజానికి అతనికి వాదన అక్కర్లేదు. కాలిన చీరల వాసన ఇంకా ముక్కులోంచి పోలేదు. గురువుగారి నోట ‘కొట్టరా’ అన్న ఒక్క మాట వస్తే చాలు, గుండె బరువు దిగుతుందని అతని ఆశ. గురువుగారు వాళ్ళిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పారు.

ఆయన పుట్టిన ఊళ్ళో నేతగాళ్ళ వీధి ఒకటుంది. మగ్గం ఎక్కించే ముందు నిలువు పోగుల పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఆ గంజి ఆరకముందే వాన తగిలిందా, పోగూ పోగూ అంటుకుపోయి ఇంటిల్లిపాది కష్టం గంగపాలు. అందుకని ఆ వీధికొక కట్టుబాటు ఉండేది. మబ్బు పట్టిందంటే ఎవరి పడుగని అడగరు. తింటున్నవాడు కంచం వదిలి, పోట్లాడుతున్నవాడు పోట్లాట వదిలి పరుగెత్తుకొచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు. పడుగు లోపలికి చేరాక తీరిగ్గా మళ్ళీ పోట్లాడుకోవచ్చు.

ఆ వీధికి షావుకారు పరంధామయ్య. నూలిచ్చి నేయించుకుని కూలి ఇచ్చేవాడు. చీరల ధర పెంచాడు గాని కూలి పెంచడానికి చెయ్యి రాలేదు. నేతగాళ్ళు మగ్గాలు ఆపి, ఆయన ఇంటి ఎదుట పందిరి వేసుకుని కూర్చున్నారు. అంతవరకు న్యాయంగానే ఉంది. ఒకరోజు ఎవరో, పందిట్లోవాళ్ళో తాగివచ్చినవాళ్ళో ఇప్పటికీ తేలలేదు, వీధిలో ఆరుతున్న షావుకారి పడుగుకు నిప్పు పెట్టారు. నేతగాళ్ళ వీధిలో పడుగు కాల్చడమంటే ఉడుకుతున్న అన్నం కుండను కాలితో తన్నడమే. చేసినవాడెవడైనా పాపిష్టి పని చేశాడు.

పరంధామయ్యకు ఆనాటి నుంచి కంటి మీద కునుకు లేదు. పట్టుదలకు పోయి, కొడుకును వెంటబెట్టుకుని ఇంకో పడుగు తనే వీధిలో చాచాడు. కొడుకు గంజి పట్టించి దువ్వుతున్నాడు. తను కర్ర పట్టుకుని కాపలా నిలబడ్డాడు. చూపంతా పందిరి మీదే ఉంది. తన వెనక నుంచి మబ్బు కమ్ముకొస్తున్న సంగతి ఆయనకు తెలియలేదు.

చూసినవాడు చెంచురామయ్య. కూలి కోసం పందిట్లో అందరికంటే గట్టిగా అరిచేది అతనే. వరసకు షావుకారికి మేనల్లుడు. మబ్బు చూడగానే “లెగండ్రా” అని ఒక్క కేక పెట్టి పడుగు కేసి ఉరికాడు. అతని వెనకే పందిరి పందిరంతా లేచింది.

పరంధామయ్యకు కనబడింది మీదికొస్తున్న జనం. చెంచురామయ్య వంగి పడుగు కొస మీద చెయ్యి వేశాడో లేదో, దెబ్బ పడింది. మణికట్టు విరిగింది.

“వానొస్తంది మామా,” అన్నాడు చెంచురామయ్య, ఆ చెయ్యి పట్టుకుని కూలబడుతూ. “పడుగెత్తు.”

అప్పుడు చినుకులు మొదలయ్యాయి. పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఒక్కరూ తిట్టలేదు, రాయి ఎత్తలేదు. పడుగునూ ముట్టుకోలేదు. షావుకారు కర్ర పట్టుకుని అటు, వాళ్ళు వట్టి చేతులతో ఇటు, మధ్యలో పడుగు తడిసిపోయింది. గంజి తెల్లగా కారి మురుగులో కలుస్తుంటే అందరూ చూస్తూ నిలబడ్డారు.

తరువాత పెద్దలు కూర్చున్నారు. ఒకసారి కాలినవాడు రెండోసారి కొట్టక ఏం చేస్తాడని తేల్చారు. చెంచురామయ్య కూడా, “మామ తప్పేం లేదు, ఆ చోట నేనున్నా కొట్టేవాణ్ణే,” అన్నాడు. పరంధామయ్య అతని చెయ్యి తనే కట్టించాడు. మళ్ళీ ఎవరూ అడగకుండానే కూలి కూడా పెంచాడు. రాత్రిళ్ళు మేనల్లుడి గుమ్మంలో కూర్చుని ఏడ్చేవాడట. ఏడిస్తే ఏం లాభం? ఎముక అతుక్కుంది గాని, ఆ చేతికి మళ్ళీ మగ్గం మీద పోగుల మధ్య నాడె విసిరే పట్టు రాలేదు. ఊళ్ళో పేరుపడ్డ నేతగాడు, భార్య నేస్తుంటే పక్కన కూర్చుని ఎడమ చేత్తో నూలు కండెలు చుట్టిపెడుతూ బతికాడు.

గురువుగారు ఆపారు. యేసురత్నం తల వంచుకున్నాడు. పడుగుకు నిప్పు పెట్టినవాడి దగ్గరే అతని మనసు ఆగిపోయినట్టుంది.

“కుర్రాళ్ళు కావాలంటే తీసుకుపో భావనారాయణా, నేను అడ్డం చెప్పను,” అన్నారు గురువుగారు.

భావనారాయణ లేవలేదు. అతనికి కోపం పోలేదు, అలాగని ముందున్న ధీమా కూడా మిగల్లేదు. “అయితే షావుకారు కొట్టింది తప్పంటారా?” అన్నాడు.

“తప్పని ఆ వీధిలో ఒక్కరూ అనలేదు నాయనా,” అన్నారాయన. “మబ్బు పడితే మాత్రం, ఇప్పుడక్కడ ఎవరి పడుగు వాళ్ళే ఎత్తుకుంటున్నారు.”